పెట్టె చేతికొచ్చిన చోటే పొలిమేర

తెల్లవారుజామున నాలుగు గంటలకు హైదరాబాద్ సుచిత్ర చౌరస్తాలో నిజామాబాద్ బస్సు కోసం నిలబడేవాళ్లు కొందరు, శంషాబాద్ క్యాబ్ కోసం ఎదురుచూసేవాళ్లు కొందరు. మా వీధి కుర్రాడు ఈ రెండో రకం. క్యాబ్ డిక్కీలో అతని పొడవాటి నల్ల పెట్టె పట్టదు. వెనక సీటు వంచి ఏటవాలుగా తోయాలి. "ఏందన్నా ఇది, కీబోర్డా?" అని డ్రైవర్ అడిగాడు. "అవునన్నా" అన్నాడు కుర్రాడు. అబద్ధమే. నిజం చెబితే ఔటర్ రింగ్ రోడ్డు దిగేదాకా వివరణ ఇస్తూ కూర్చోవాలి మరి. పెట్టెలో ఉన్నది .22 క్యాలిబర్ రైఫిల్, 50 మీటర్ల త్రీ పొజిషన్ పోటీకి వాడేది.

జర్మనీ దాకా పోతున్నాడు కదా, మధ్యలో విమానం మారేచోట ఎన్ని గంటలు ఆగాలో అని అడిగాను. "ఎన్ని గంటలైనా పర్వాలేదంకుల్, మధ్యలో పెట్టె మాత్రం నా చేతికి రావద్దు" అన్నాడు. తుపాకీ ప్రయాణాల చరిత్రంతా ఆ ఒక్క మాటలో ఇరికించవచ్చని తర్వాత అనిపించింది. ఆ చరిత్రలో మా సుచిత్ర పక్కనే ఒక పాత పొలిమేర కూడా ఉంది.

బోయిన్‌పల్లి దాకా సికింద్రాబాద్ కంటోన్మెంట్, అది దాటితే నిజాం రాజ్యం. ఇవాళ ఫ్లైఓవర్ల కింద ఆ గీత ఎవరికీ కనబడదు. అప్పట్లో కంటోన్మెంట్ నుంచి తుపాకీ భుజాన వేసుకుని ఉత్తరాన చెరువుల మీదికి బాతుల వేటకు వచ్చే దొర ఒక ఏలుబడిలోంచి మరో ఏలుబడిలోకి వస్తున్నట్టే లెక్క. అయినా అతన్ని ఆపి కాగితం అడిగిందెవరు? 1878 నాటి ఆయుధాల చట్టం భారతీయుడు తుపాకీ పట్టాలంటే లైసెన్సు ఉండాలంది, యూరోపియన్లకు మినహాయింపు ఇచ్చింది. అంటే పొలిమేర అప్పుడూ ఉంది. చేతిని బట్టి, చేతి రంగును బట్టి అది లేచేది, పడేది.

రాచవేట సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులివేటలో పేరుమోసినవాడు. ముప్పై పులుల్ని చంపాడు కాబట్టే 'తీస్ మార్ ఖాన్' మాట పుట్టిందని హైదరాబాదీలు ఇప్పటికీ కథ చెబుతారు. భాషాశాస్త్రం ఒప్పుకుంటుందో లేదో గాని కథ మాత్రం చావదు. 1902లో వైస్రాయ్ కర్జన్ దంపతులు వేటాడిన పులి దగ్గర నిలబడితే రాజా దీన్‌దయాళ్ ఫోటో తీశాడు. ఈ ప్రాంతపు షికారు అనగానే పత్రికలవాళ్లు అచ్చువేసే బొమ్మ ఇప్పటికీ అదే.

నన్ను ఎక్కువగా లాగింది మాత్రం అంతకు తొమ్మిదేళ్ల ముందు వచ్చిన అతిథి. ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ 1892 డిసెంబరులో ట్రియెస్ట్ రేవులో యుద్ధనౌక ఎక్కాడు. పోర్ట్ సయీద్, సూయజ్, ఏడెన్ మీదుగా సింహళానికి, అక్కడి నుంచి బొంబాయికి వచ్చాడు. 1893 జనవరిలో నిజాం అతిథిగా హైదరాబాద్ రాజ్యంలో వేటాడాడు. ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే నాలుగైదు లేఓవర్లు. తుపాకులు ఆయన వెంటే వచ్చాయి, సింహళంలో అడవికి కూడా వెళ్లాయి. ఏ రేవులోనూ ఎవరూ పెట్టె తెరవమని ఉండరు. తుపాకీ వచ్చింది సామానుతో కాదు, హోదాతో. హోదాను తనిఖీ చేసే కౌంటరు ఆనాడు లేదు. జీవితకాలంలో ఆయన చంపిన జంతువులు, పక్షుల పద్దు 2,70,000 దాటిందని ఆయన సొంత లెక్కలే చెబుతాయి. చివరికి 1914 జూన్ 28న సరాయెవోలో ఆయన ప్రాణం తీసింది చేతిలో ఇమిడే చిన్న పిస్తోలు.

తుపాకీ విమానమెక్కి విదేశం నుంచి హైదరాబాద్‌కు దిగిన పెద్ద సందర్భం మాత్రం వేటది కాదు, యుద్ధానిది. 1948లో భారత ప్రభుత్వం సంస్థానాన్ని నలుదిక్కులా దిగ్బంధించినప్పుడు సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమాన చోదకుడు కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో ఆయుధాలు నింపుకుని, రాత్రిళ్లు బీదర్‌లోనూ వరంగల్‌లోనూ దించాడు. సెప్టెంబరులో పోలీసు చర్యతో ఆ కథ ముగిసింది. తర్వాత లండన్ కోర్టు అతనికి వేసిన జరిమానా 200 పౌండ్లు. మా కుర్రాడి పెట్టె వెనక ఇవాళ ఇంత కాగితాల మూట ఎందుకని విసుక్కునేవాళ్లు కాటన్ గురించి ఒకసారి చదవాలి. కాగితం లేని తుపాకీ విమానమెక్కితే ఏమవుతుందో రాజ్యాలకు అనుభవమే నేర్పింది.

స్వతంత్ర భారతం 1959లో కొత్త ఆయుధాల చట్టం తెచ్చింది. దొరల మినహాయింపులు పోయి లైసెన్సు అందరి నెత్తినా పడింది. షికారు మాత్రం ఇంకా సాగింది. విదేశీ వేటగాళ్లు సొంత రైఫిళ్లతో దిగి, షికారు కంపెనీలకు డాలర్లు కట్టి పులిని కొట్టుకుపోయేవారు. 1970లో పులివేట నిషేధించారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1991 సవరణతో సరదావేటకు మిగిలిన సందులు కూడా మూసుకుపోయాయి. ఒకప్పుడు తుపాకులు మోగిన శామీర్‌పేట వైపు ఇప్పుడు జింకల పార్కు ఉంది. ఆదివారం పిల్లలతో వెళ్లి చువ్వల ఇవతల నుంచి జింకల్ని చూసి వస్తాం.

వేట పోయాక తుపాకీ ఏం చేయాలి? గోడకెక్కింది, లేదా రేంజికి పోయింది. 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో-ఆసియన్ క్రీడలు హైదరాబాద్‌లో జరిగాయి. ఆ ఆఫ్రో-ఆసియన్ క్రీడల్లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణం ఇక్కడే పెరిగిన గగన్ నారంగ్‌ది. తండ్రి ఎయిర్ ఇండియా ఉద్యోగి. 1997లో ఆయన కొనిచ్చిన ఎయిర్ పిస్టల్‌తో కథ మొదలైంది, 2012లో లండన్ ఒలింపిక్ కాంస్యం దాకా వెళ్లింది. కొడుక్కి రైఫిల్ కొనడానికి ఇంటిస్థలం అమ్మేశారని అప్పట్లో పత్రికలు రాశాయి. ప్లాటే ప్రాణమనుకునే కొంపల్లి, సుచిత్ర జనానికి ఒలింపిక్ పతకం కన్నా ఆ వార్తే పెద్ద సాహసంగా తోచి ఉంటుంది. తర్వాత ఈ ఊరి ట్రాప్ షూటర్ కైనన్ చెనాయ్ 2016లో రియో వెళ్లాడు, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో టీమ్ స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం తెచ్చాడు. అవే క్రీడల్లో పిస్టల్ పట్టిన మన ఊరి ఈషా సింగ్‌కు నాలుగు పతకాలు. ఇంకేముంది, ఊళ్లో పొడవాటి నల్ల పెట్టెలు పెరిగాయి.

ఆ పెట్టెను దగ్గర నుంచి చూశాను. లోపల నురుగు దిమ్మెలో రైఫిల్ ఆకారానికి చెక్కిన గాడి. బోల్ట్ ఊడదీసి వేరే సంచిలో పెట్టాడు. ఛాంబర్‌లోంచి ఎర్ర ప్లాస్టిక్ తీగ ఒకటి బయటికి వేలాడుతోంది, ఖాళీగా ఉందని చూడగానే తెలియడానికి. రెండు తాళాలు. మూత లోపలి వైపు ప్లాస్టిక్ కవరులో లైసెన్సు నకలు, రైఫిల్ సంఖ్య, జాతీయ రైఫిల్ సంఘం ఇచ్చిన ఉత్తరం, పోటీ ఆహ్వానం. లైసెన్సు మీద 'ఆల్ ఇండియా' అన్న ముద్ర ఉండాలి. అది లేకుండా ఢిల్లీలో విమానం మారితే పరాయి దేశం దాకా పోనక్కర్లేదు, సొంత రాజధానిలోనే అతను అక్రమ ఆయుధధారి. ఎయిర్ రైఫిల్ వాళ్లకు లైసెన్సు బెడద తక్కువే గాని సిలిండర్ తంటా ఉంది. గాలి వదిలేసి, విప్పి చూపించమంటారు.

తూటాల లెక్క ఇంకో తమాషా. అంతర్జాతీయ విమానయాన నిబంధనల ప్రకారం మనిషికి 5 కిలోలు, ప్యాకింగ్ బరువుతో కలిపి. పక్కవాడి వాటా కలుపుకోవడానికి లేదు. .22 తూటా మూడున్నర గ్రాములు కాబట్టి రైఫిల్ వాళ్లకు వెయ్యికి పైనే వస్తాయి. ట్రాప్ షూటర్ సంగతి చూడండి. పాతిక తూటాల డబ్బా దాదాపు కిలో, అంటే ఐదు డబ్బాలు, 125 తూటాలు. క్వాలిఫికేషన్‌లో గాల్లోకి లేచే పళ్లేలు 125, ఒక్కోదానికి రెండుసార్లు పేల్చవచ్చు. సాధన సంగతి దేవుడెరుగు, పోటీకే చాలవు. అందుకే వాళ్లు అక్కడే కొంటారు. రైఫిల్ వాళ్లు మాత్రం సొంత తూటాలే మోసుకుపోతారు. ఒకే కంపెనీ తూటాల్లోనూ ఒక లాట్ ఒక గొట్టానికి కుదిరినట్టు ఇంకో లాట్ కుదరదు.

ఇక లేఓవర్. మనిషి ప్రయాణం వేరు, పెట్టె ప్రయాణం వేరు. హైదరాబాద్‌లో పెట్టెకు మ్యూనిక్ ట్యాగ్ వేశారనుకోండి. కుర్రాడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి పాస్‌పోర్టు తనిఖీ దాటుతాడు. పెట్టె మాత్రం కనబడకుండా లోలోపలే విమానం మారి మ్యూనిక్‌లో కస్టమ్స్ ముందు తేలుతుంది. మనిషి యూరప్‌లో అడుగుపెట్టింది ఒక ఊళ్లో, తుపాకీ అడుగుపెట్టింది మరో ఊళ్లో. అదే ఆ కనెక్టింగ్ ఫ్లైట్ రద్దయి, రాత్రికి హోటల్‌కి పోండి, సామాను తీసుకోండి అన్నారో, చిక్కు మొదలైనట్టే. చేతికొచ్చిన క్షణం నుంచి ఆ గడ్డ చట్టం వర్తిస్తుంది. బ్రిటన్‌లో అయితే సందర్శకుడికి పర్మిట్ కావాలి, దాని కోసం అక్కడ ఉండేవాళ్లెవరైనా ముందే పోలీసులకు దరఖాస్తు పెట్టాలి. అర్ధరాత్రి హీత్రూలో నిలబడి దాన్ని పుట్టించలేం. ఆమ్‌స్టర్‌డామ్‌లో విమానం మారడానికి కూడా డచ్ కస్టమ్స్ అనుమతి ముందే కావాలి. గల్ఫ్ ఎయిర్‌లైన్లు సైతం ముందస్తు అనుమతి లేనిదే పెట్టె ఎక్కించవు. చవక టికెట్ కోసం రెండు వేర్వేరు బుకింగులు చేసేవాళ్లకు ఇక్కడ దెబ్బ పడుతుంది. రెండో టికెట్ కోసం పెట్టెను బెల్టు మీది నుంచి తీసుకుని మళ్లీ ఇవ్వాలి. మిగిలిన ఐదు వేలూ లాయరు ఫీజులో పోతాయి.

అమెరికా పద్ధతి ఇంకా వేరు. పిల్లలు అక్కడున్న తల్లిదండ్రులందరికీ ఇది తెలిసిందే. మొదట దిగిన ఊళ్లోనే, అది షికాగో కానీ నెవార్క్ కానీ, ఆవకాయ జాడీతో సహా సామానంతా తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ బెల్టు మీద వేయాలి. మనకది పచ్చళ్ల భయం. తుపాకీ ఉన్నవాడికి మాత్రం అక్కడే పెట్టె చేతికొస్తుంది. విదేశీయుడు తుపాకీ తేవాలంటే ఆరో నంబరు ఫారం అనుమతి ముందుగా తెప్పించుకోవాలి. లోపల విమానం మారడం కూడా అంత తేలిక కాదు. 2005లో యూటా నుంచి పెన్సిల్వేనియా పోతున్న ఒకాయన నెవార్క్‌లో ఇరుక్కున్నాడు. విమానం ఆలస్యమై కనెక్షన్ తప్పింది. బదులుగా వేసిన బస్సు ఎక్కాక సామాను రాలేదని గమనించి దిగాడు, బస్సూ పోయింది. పెట్టె తీసుకుని హోటల్‌లో పడుకున్నాడు. పొద్దున్నే కౌంటరులో నిజాయితీగా తుపాకీ ఉందని చెప్పాడు. అరెస్టు చేశారు. కేసు తర్వాత కొట్టేశారు. ఆయన పరిహారానికి దావా వేస్తే 2010లో అప్పీళ్ల కోర్టు కుదరదంది. రాష్ట్రాల మీదుగా తుపాకీ తీసుకుపోయేవాళ్లను కాపాడే కేంద్రచట్టం ఉన్న మాట నిజమే గాని, ఆ రాత్రి తుపాకీ ఆయన చేతికందే దూరంలో ఉంది కనుక ఆ రక్షణ వర్తించదని తీర్పు. తప్పు ఎక్కడుందని అడిగితే నా దగ్గర జవాబు లేదు. బస్సు దిగడంలో ఉందేమో.

వేటకే వెళ్లేవాళ్లు కూడా ఉన్నారు, ఇక్కడ కుదరనిది దక్షిణాఫ్రికాలో తీర్చుకునేవాళ్లు. అక్కడి పోలీసు ఫారం 520. నల్ల సిరాతో నింపాలి, సంతకం మాత్రం అధికారి ఎదుటే చేయాలి. అమెరికాలో ఉండేవాళ్లు బయల్దేరే ముందే కస్టమ్స్‌లో 4457 ఫారం మీద రైఫిల్ నంబరు ఎక్కించుకుంటే తిరిగొచ్చినప్పుడు 'ఇది నాదే' అని రుజువు. తెలివైనవాళ్లు ఇవేవీ పెట్టుకోరు. ఒట్టి చేతులతో వెళ్లి అక్కడే రైఫిల్ అద్దెకు తీసుకుంటారు. ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌కు ఈ ఉపాయం తట్టే అవసరమే రాలేదు.

మన దగ్గర 2019 సవరణ తర్వాత మనిషికి రెండే తుపాకులు, క్రీడాకారులకు మాత్రం మినహాయింపు. మినహాయింపు రాచరికం నుంచి స్కోరుబోర్డుకు మారిందన్నమాట. ఇది న్యాయమే అనుకుంటాను.

మా వీధి కుర్రాడి ఇంట్లో అందరికన్నా జాగ్రత్త అతని తల్లిది. విమానాశ్రయాల్లో బ్యాగులో మరిచిపోయిన ఒక్క తూటా దొరికి కేసులైన వార్తలు ఆమె కత్తిరించి పెట్టుకుంది. 1972లోనే సుప్రీంకోర్టు, ఆయుధం తన దగ్గర ఉందని మనిషికి తెలిసి ఉండాలి, అప్పుడే అది స్వాధీనం అవుతుందంది. ఇప్పటికీ హైకోర్టులు ఆ మాట పట్టుకునే చాలా కేసులు కొట్టేస్తాయి. కొట్టేసే లోపల విమానం వెళ్లిపోతుంది కదా అంటుంది ఆమె.

ప్రయాణానికి ముందు రాత్రి హాల్లో తెల్ల దుప్పటి పరిచి కొడుకు బ్యాగులు, షూటింగ్ జాకెట్, మోకాలి దిండు అన్నీ తలకిందులు చేసి దులుపుతుంది. ఈసారి జాకెట్ లోపలి జేబులోంచి ఇత్తడి గుల్ల ఒకటి దొర్లింది. కాల్చేసినదే, ఖాళీది. కుర్రాడు నవ్వాడు. ఆమె నవ్వలేదు. దాన్ని అగ్గిపెట్టెలో వేసి షోకేసు మీద, పతకాల పక్కన పెట్టి, జాకెట్‌ను ఇంకోసారి దులిపింది.