చాందా రైల్వే ఆందోళన

చాందా రైల్వే ఆందోళన 1883లో హైదరాబాదు సంస్థానంలో రైలుమార్గాల విస్తరణ కోసం కుదుర్చుకుంటున్న ఒప్పందానికి వ్యతిరేకంగా సాగింది. సంస్థానంలో ఆధునిక రాజకీయ చైతన్యం దీనితోనే మొదలైందని పలువురు చరిత్రకారులు భావిస్తారు.

నేపథ్యం
వాడి-సికింద్రాబాదు మార్గం 1874లో ప్రారంభమైంది. దాన్ని వరంగల్ మీదుగా బెజవాడకు, ఉత్తరాన చాందాకు (నేటి చంద్రపూర్) పొడిగించాలన్నది కొత్త పథకం. ఇల్లెందు ప్రాంతంలో బయటపడిన బొగ్గు ఈ ఆలోచనకు ఊతమిచ్చింది. 1883 ఫిబ్రవరి 8న దివాను మొదటి సాలార్ జంగ్ మరణించారు. నిజాం మహబూబ్ అలీ ఖాన్ అప్పటికింకా మైనరు.

ఒప్పందం
లండన్‌లో ఏర్పడే కంపెనీ పెట్టుబడికి నిజాం ప్రభుత్వం 20 ఏళ్లపాటు 5 శాతం రాబడి పూచీ పడాలి. అంటే 100 పౌన్ల పెట్టుబడికి ఏటా 5 పౌన్లు దక్కాలి. రైలు సంపాదన చాలకపోతే లోటు ఖజానా పూడ్చాలి. ఆ ఖజానాకు ప్రధాన ఆధారం రైతు కట్టే భూమిశిస్తు.

ఆందోళన
హైదరాబాదు కాలేజీ ప్రిన్సిపాల్ డాక్టర్ అఘోరనాథ్ ఛటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం తదితరులు షరతులను ప్రజల ముందు పెట్టాలని పట్టుబట్టారు. ప్రభుత్వం అఘోరనాథ్‌ను ఉద్యోగం నుంచి సస్పెండ్ చేసి, 1883 మే 20న సంస్థానం నుంచి బహిష్కరించింది. తర్వాత ఆయన తిరిగి రాగలిగారు.

పల్లెల్లో పన్ను
రైల్వే పెట్టుబడి భారం ఇతర చోట్లా జనంపైనే పడింది. అయితే అమెరికాలో కౌంటీలు (జిల్లాల వంటివి) రైల్వే బాండ్ల బాకీ తీర్చడానికి నేరుగా పన్ను వేసేవి కాబట్టి తిరుగుబాటు పల్లెల్లోనే రాజుకుంది. 1872లో మిస్సోరీలోని కాస్ కౌంటీలో జనం రైలు ఆపి, బాండ్ల వ్యవహారంలో ఉన్నవారిని కాల్చి చంపారు. నిజాం రాజ్యంలో రైలు పేరిట ప్రత్యేక పన్ను లేదు. భారం శిస్తులో కలిసిపోయింది కనుక ప్రశ్న పట్నంలోని చదువుకున్నవారి నుంచి వచ్చింది. 1860 ఒప్పందంతో బ్రిటిష్ వారికి దక్కిన గోదావరి ఎడమగట్టున మాత్రం పన్ను కంటికి కనబడేది. భద్రాచలం తాలూకా రేకపల్లిలో పోడు పన్ను మూడింతలు కావడంతో, చిగురుపన్నుపై (కల్లు పన్ను) రగిలిన రంప తిరుగుబాటు 1879లో అక్కడికీ పాకింది.

పరిణామాలు
ఆందోళన ఒప్పందాన్ని ఆపలేకపోయింది. ఆ ఒప్పందంతో ఏర్పడిన నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ మార్గం డోర్నకల్ నుంచి ఇల్లెందు గనులకు 1888లో, బెజవాడకు 1889లో చేరింది. ఆందోళనకు పేరిచ్చిన ఉత్తర మార్గం కాజీపేట నుంచి బల్లార్షా వరకు పూర్తయ్యేసరికి 1920ల చివరి ఏళ్లు వచ్చాయి. 1930లో నిజాం ప్రభుత్వం కంపెనీని కొనేసింది. నాటి పూచీ పద్ధతికి భిన్నంగా, ఇటీవల సత్తుపల్లికి వేసిన బొగ్గు రైలుమార్గం ఖర్చులో అధిక భాగాన్ని బొగ్గు తవ్వే సింగరేణి సంస్థే భరించింది.