మబ్బు సుడికి మార్కులు

కోస్తావాళ్ళకి తుఫానంటే ఒకటే మాట, భయం. మా నంద్యాలవైపు అలా కాదు. సెప్టెంబరులో వాయుగుండం అన్నారంటే "ఇటొస్తే బాగుండు, కుందూ పారుతుంది" అనుకుంటారు. అదే వరి కోసి కళ్ళంలో పోసిన డిసెంబరులో అయితే, ఆళ్ళగడ్డలో మా పెద్దమ్మ టీవీలో కనబడే ఆ తెల్లటి సుడికి శాపనార్థాలు పెడుతుంది.

ఆ బొమ్మకి పట్టుమని డెబ్భయ్యేళ్ళ చరిత్ర లేదండీ. 1960 ఏప్రిల్ 1న అమెరికావాళ్ళు టైరాస్-1 పంపేదాకా ఓడలవాళ్ళ కబుర్లు, రేవుల్లో గాలి పీడనం కొలతలే ఆధారం. 1864లో బందరును ఉప్పెన ముంచితే సుమారు 30 వేలమంది పోయారు.

సరే, బొమ్మ వచ్చింది. దాన్ని చదవడం ఎట్లా? 1970లలో వెర్నన్ డ్వోరాక్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు దారి చూపాడు. మబ్బుపట్టీ కేంద్రం చుట్టూ ఎంతమేర చుట్టుకుంది, కన్ను విచ్చుకుందా, చుట్టూ మబ్బు ఎంత చల్లగా ఉంది అని చూసి ఒకటి నుంచి ఎనిమిది దాకా మార్కులు వేస్తారు. (మబ్బు పైభాగం ఎంత చల్లనైతే అంత ఎత్తుకి లేచిందన్నమాట. పరారుణ చిత్రం ఈ సంగతి రాత్రిపూట కూడా చెబుతుంది.) మన వాతావరణ శాఖ లెక్కలో ఒకటిన్నర వస్తే వాయుగుండం, రెండున్నర వస్తే తుఫాను. తక్కువ మార్కులొస్తే సంబరపడే పరీక్ష ఇదొక్కటే కాబోలు! చేయి తిరిగినవాళ్ళు ఇద్దరు ఒకే బొమ్మకి అర మార్కు తేడాగా వేయడమూ ఉంది.

1977 నవంబరు 19న దివిసీమ. పదివేల ప్రాణాల మాట అది. అప్పటికి మనకంటూ వాతావరణాన్ని చూసే ఉపగ్రహం లేదు. పరాయి ఉపగ్రహం మన నెత్తిమీదుగా పోతూ తీసిన చిత్రమే గతి. 1983 ఆగస్టులో ఇన్సాట్-1బి వెళ్ళింది. అది ఆకాశంలో ఒక్కచోటే నిలబడ్డట్టుండి బంగాళాఖాతాన్ని అదేపనిగా చూస్తూ ఉండేది. 1990 మేలో దాదాపు అంతటి తుఫానే మళ్ళీ కృష్ణా తీరాన్ని కొట్టింది. ఈసారి ముందే లక్షలాదిమందిని ఖాళీ చేయించారు. చనిపోయినవాళ్ళు వెయ్యికి లోపు. రాడార్లూ కలిసొచ్చాయనుకోండి. అయినా ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మనవైపు మాత్రం చిక్కు మిగిలే ఉంది. ఆ మార్కులు గాలి వేగానికి వేసినవి, వానకి కాదు. సముద్రంలో భీకరంగా తిరిగిన సుడి నల్లమల దాటి వచ్చేసరికి చప్పబడిపోవచ్చు. 2009 అక్టోబరులో కర్నూలును మేడల దాకా ముంచిన వానకి తుఫాననే పేరు కూడా లేదు. ఉత్త అల్పపీడనం. దానికి కన్నూ లేదు, అందమైన సుడీ లేదు.