నిజాం ముందు 'ద' ఎందుకు?

నల్లగొండ, పాలమూరు వైపు నుంచి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చినవాళ్ళని ఏడిపించడం చాలా సులువు. మెయిల్లో 'ద' ఎక్కడ వదిలేశారో చూపిస్తే చాలు. "తెలుగు మీడియం కదా" అనేస్తారు. నాకైతే ఇందులో మీడియం కన్నా చరిత్రే ఎక్కువ కనిపిస్తుంది.

మునగాల పరగణా తప్పిస్తే, 1948 దాకా ఈ రెండు జిల్లాలూ నిజాం రాజ్యంలోవే. సర్కారు భాష ఉర్దూ. 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీలో పాఠాలూ ఉర్దూలోనే, ఇంగ్లీషు అందులో ఒక సబ్జెక్టు. అంటే ఇంట్లో తెలుగు, కచేరీలో ఉర్దూ. ఈ రెండింటిలోనూ ఆర్టికల్స్ లేవు! పోనీ, ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో ఉన్న కోస్తావాళ్ళు తడబడరా అంటే, వాళ్ళూ తడబడతారు. రష్యన్లకీ ఇదే తిప్పలు. ఎందుకంటే వాళ్ళ భాషలోనూ ఇవి లేవు. తెలివితో సంబంధం లేదండీ.

ఆ మాటకొస్తే ఇంగ్లీషుకీ ఇవి పుట్టుకతో వచ్చినవి కావు. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో 'ఆన్' అంటే ఒకటి. అది అరిగి 'ఎన్' అయింది, హల్లు ముందు ఇంకాస్త అరిగి 'ఎ' అయింది. 'ఆ, అది' అని వేలుపెట్టి చూపించే మాట అరిగి 'ద' అయింది. ఈ సరుకు మన దగ్గరా ఉంది. "మా ఊళ్ళో ఒక చెరువుంది. మొన్న ఆ చెరువు తెగింది." మొదటిసారి చెప్పేటప్పుడు ఒక, వినేవాడికి తెలిశాక ఆ. మనం అవసరమైతే వాడతాం, వాళ్ళు వాడి తీరాలి. అంతే తేడా.

చిక్కల్లా అక్కడే. మనం ఊరికే నిజాం అంటాం. ఇంగ్లీషులో 'ద నిజాం' అనాలి, ఎందుకంటే అది పదవి, ఒకసారికి ఒక్కడే ఉంటాడు. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ అని పేరు చెబితే 'ద' అక్కర్లేదు. నది కాబట్టి 'ద కృష్ణా', ఊరు కాబట్టి ఉత్త నల్లగొండ.

మన పనిలోనూ ఇంతే. 'ఎ సర్వర్' పడిపోయిందంటే ఏదో ఒకటి. 'ద సర్వర్' అంటే మనిద్దరికీ తెలిసిన ఫలానాది. అర్ధరాత్రి ఆ మెయిల్ చదివేవాడు ఏ మెషీన్ రీస్టార్ట్ చెయ్యాలో దీన్నిబట్టే అనుకుంటాడు.

ఇక ఎ, ఎన్‌లకి స్పెల్లింగుతో పనిలేదు, పలికే తీరే ముఖ్యం. యూనివర్సిటీకి 'ఎ', అవర్‌కి 'ఎన్'. ఎస్‌క్యూఎల్ అని అక్షరాలు పలికితే 'ఎన్', సీక్వెల్ అంటే 'ఎ'.

కాబట్టి తప్పు కనిపిస్తే తప్పకుండా దిద్దండి. వాక్యం దిద్దితే చాలు, మనిషి ఊరూ మీడియమూ ఎత్తక్కర్లేదు.