పక్షికీ కెమెరాకూ మధ్య దూరం



సరిహద్దు ఊళ్లలో ఉండే మనకు పక్షులు కొత్త కాదు. సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టులో గూడబాతులు, ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచిలో నత్తలు తినే కొంగలు, చెంగల్పట్టు దగ్గరి వేడంతాంగల్‌లోనూ, మద్దూరు దగ్గరి కొక్కరె బెళ్లూరులోనూ గుంపులుగా గూళ్లు కట్టే పక్షులు మీలో చాలామంది చూసినవే. ఆ రోజుల్లో అక్కడికి వెళితే, మూడు కాళ్ల స్టాండు మీద బారెడు లెన్సు బిగించి గంటల తరబడి నిలబడ్డవాళ్లు కనిపిస్తారు. స్టాండుకూ లెన్సుకూ మధ్య ఒక చిన్న పరికరం ఉంటుంది. దాన్ని ట్రైపాడ్ హెడ్ అంటారు. మనం స్టాండు తల అనుకుందాం. ఈనాటి ప్రసంగం ఆ తల గురించి. వస్తువు చిన్నదే. కానీ పక్షికి ఎంత దూరంలో మనిషి ఆగగలడన్న ప్రశ్నతో దాని చరిత్ర ముడిపడి ఉంది.

ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో పుట్టిన రిచర్డ్ కేర్టన్, చెర్రీ కేర్టన్ అన్నదమ్ములు. 1892లో చెర్రీ ఒక పక్షి గూటినీ అందులోని గుడ్లనూ ఫొటో తీశాడు. 1895లో, పూర్తిగా ఫొటోలతోనే బ్రిటిష్ పక్షుల గూళ్ల మీద వారి పుస్తకం వచ్చింది. అప్పటి కెమెరా ఒక చెక్క పెట్టె. స్టాండు తల అంటే ఒక పలక, ఒక మర, అంతే. కెమెరాను అటూ ఇటూ తిప్పే అవసరమే లేదు. గూడు కదలదు, గుడ్లు ఎగరవు. ఇబ్బందల్లా దగ్గరకు వెళ్లడంలోనే. అందుకని వాళ్లు ఎద్దు తోలుతో డొల్ల బొమ్మ చేయించి, దాని కడుపులో కెమెరాతో దాక్కున్నారు.

ఇది వినడానికి వేడుకగానే ఉంటుంది. కానీ ఆ పద్ధతికి ఇంకో ముఖం కూడా ఉంది. గూడు బాగా కనబడాలని చుట్టూ ఉన్న కొమ్మలను వంచి కట్టేవారు, కొందరు నరికేవారు. ఆకుల చాటు పోతే పిల్లల మీద ఎండ పడుతుంది. కాకికీ గద్దకూ గూడు ఎక్కడుందో తెలిసిపోతుంది. ఫొటో మిగులుతుంది, గూడు మిగలకపోవచ్చు.

దూరంగా ఉండి తీయాలంటే పొడుగాటి లెన్సు కావాలి. మన దేశంలో ఈ దారిలో పేరు పొందినవారు మద్రాసుకు చెందిన ఎం. కృష్ణన్. 1950 నుంచి 1996లో కన్నుమూసేదాకా స్టేట్స్‌మన్ పత్రికలో ప్రకృతి మీద శీర్షిక నడిపారు. బజారులో దొరికిన కెమెరాతో సరిపెట్టుకోక, వేర్వేరు భాగాలు కూర్చి తనకు కావలసినదాన్ని తానే తయారు చేసుకున్నారు. దానికి 'సూపర్ పాండరోసా' అని ముద్దుపేరు పెట్టుకున్నారు. ఎంత బరువైనదో ఆ పేరే చెబుతోంది.

బరువే అసలు చిక్కు. 1988లో కేనన్ కంపెనీ తెచ్చిన 600 మిల్లీమీటర్ల లెన్సు ఒక్కటే 6 కిలోలు. మామూలు స్టాండు తలలో ఒక గుండు ఉంటుంది. బిగిస్తే లెన్సు కదలదు, ఎగిరే పక్షి వెంట పోదు. వదులు చేస్తే ముక్కు వాల్చి దభాలున పడుతుంది. సినిమా కెమెరాల కోసం ఆస్ట్రేలియాకు చెందిన ఎరిక్ మిల్లర్ 1940లలో, లోపల చిక్కటి ద్రవం నింపి మెత్తగా తిరిగే తలను రూపొందించాడు. కదలిక నునుపుగా వచ్చింది. అయితే అంత బరువును గాలిలో గిరగిరా తిప్పడానికి ఇంకో ఉపాయం కావలసి వచ్చింది.

ఆ ఉపాయం ఓడల్లో ఎప్పటినుంచో ఉంది. కాకినాడలోనో యానాంలోనో పాత ఓడల సామాను చూసినవారికి తెలిసే ఉంటుంది. ఓడ ఎంత ఊగినా దిక్సూచి సమంగానే ఉంటుంది. దాన్ని ఒకదానికొకటి అడ్డంగా ఉన్న ఇరుసుల మీద వేలాడదీస్తారు. దీన్నే గింబల్ అంటారు. 1990లలో అమెరికాలోని వింబర్లీ కంపెనీ తలలు ఈ సూత్రాన్ని పక్షుల ఫొటోలు తీసేవారి చేతికి అందించాయి. ఒక నిలువు ఇరుసు, ఒక అడ్డ ఇరుసు, లెన్సును మోసే ఊయల, అంతే. ఈ ఏర్పాటును ఇప్పటికీ కొందరు లేతు పనివారి చేత, అల్యూమినియం పలకలతో, బేరింగులతో తమ లెన్సుకు తగినట్టు చేయించుకుంటారు.

చేయించుకునేవారు రెండు కొలతలు చూసుకోవాలి. మొదటిది ముందు వెనుకల తూకం. ఏతం ఎక్కడ ఆనుతుందో అక్కడ రెండు వైపులా బరువు సరిపోతేనే బాన సులువుగా పైకి వస్తుంది. అలాగే కెమెరా కూడా బిగించాకే, లెన్సును పలక మీద ముందుకూ వెనక్కూ జరిపి, చేయి వదిలినా వాలని చోట బిగించాలి. రెండవది ఎత్తు. వేలి మీద నిలబెట్టిన కర్ర పడిపోతుంది. వేలాడే ఉయ్యాల తన చోటికే వస్తుంది. లెన్సు బరువు ఇరుసుకు పైన ఉంటే కర్రలా పడుతుంది, మరీ కింద ఉంటే ఉయ్యాలలా వెనక్కు లాగుతుంది. బరువు మధ్య భాగం సరిగ్గా ఇరుసు ఎత్తుకు వచ్చేలా ఊయలను దించాలి లేదా ఎత్తాలి. అప్పుడు 6 కిలోల లెన్సు ఒక వేలితో కదులుతుంది, వదిలిన కోణంలోనే నిలుస్తుంది. మర బిగించి ఆపినది కాదు, తూకంతో ఆగినది.

2018 నాటికి అదే కంపెనీ 600 మిల్లీమీటర్ల లెన్సు 3 కిలోలకు దిగింది. చేతిలో పట్టుకొని తీసేవారు పెరిగారు. మంచిదే. అయితే చేతిలో కెమెరా ఉన్నవాడికి ఇంకో నాలుగు అడుగులు వేద్దామనిపిస్తుంది. స్టాండు పాతినవాడు పాతిన చోటే ఉంటాడు. అతడు కదలకుంటే కాసేపటికి పక్షి అతణ్ణి మరచిపోయి తన పని చూసుకుంటుంది.

గూడబాతు భయపడి లేచిపోతే, నీడ లేని గూట్లో దాని పిల్లలు ఎండకు మాడిపోతాయి. కాబట్టి ఈసారి మీ ఊరి చెరువుకు ఎవరైనా కెమెరాతో వస్తే, వారి లెన్సు ఎంత పొడుగుందని అడగకండి. ఎక్కడ ఆగారో చూడండి. పిల్లలున్న చెట్టు కిందికి వెళ్లబోతే, ఊరివారిగా వారిని ఆపే హక్కు మీకుంది.