ఇండెక్స్ ఫండ్: తెలుగు ప్రాంతాల మదుపు చరిత్రలో

నిఫ్టీ 50, సెన్సెక్స్ వంటి మార్కెట్ సూచీలో ఏయే కంపెనీలు ఉంటే వాటి షేర్లను అదే నిష్పత్తిలో కొని ఉంచే మ్యూచువల్ ఫండ్‌ను ఇండెక్స్ ఫండ్ అంటారు. ఏ షేరు పెరుగుతుందో ఫండ్ మేనేజరు అంచనా వేయడు. సూచీలోకి కొత్త కంపెనీ వస్తే కొంటాడు, పాతది పోతే అమ్ముతాడు. పరిశోధనకు, తరచు క్రయవిక్రయాలకు పెద్దగా ఖర్చు ఉండదు కాబట్టి మదుపరి నుంచి వసూలు చేసే రుసుము తక్కువ. ఖర్చు తగ్గించడం, డబ్బును పలు కంపెనీల మీద పరచడం అనే రెండు అవసరాలే ఈ ఫండ్ చరిత్రను నడిపించాయి.

పుట్టుక

సగటు మేనేజరు, రుసుములు తీసేశాక, మార్కెట్‌ను మించలేడన్న వాదన 1970లలో అమెరికాలో బలపడింది. బర్టన్ మాల్కీల్ 1973లో, పాల్ శామ్యూల్సన్ 1974లో ఈ సంగతి రాశారు. వాన్‌గార్డ్ సంస్థ స్థాపకుడు జాన్ బోగుల్ 1976 ఆగస్టులో సామాన్య మదుపరుల కోసం తొలి ఇండెక్స్ ఫండ్ తెచ్చాడు. 15 కోట్ల డాలర్లు వస్తాయనుకుంటే 1.13 కోట్లే వచ్చాయి. పోటీదారులు దాన్ని ‘బోగుల్ తెలివితక్కువతనం’ అని ఎగతాళి చేశారు.

భారతదేశంలో

యూనిట్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా 1964లో మొదలై, యూఎస్-64 పథకంతో మధ్యతరగతి ఇళ్లకు చేరింది. 2001 జులైలో ఆ పథకంలో అమ్మకాలు, తిరిగి కొనుగోళ్లు ఆపేయడంతో ఫండ్‌లో ఏముందో తెలియకుండా నమ్మడం ఎంత ప్రమాదమో దేశమంతటికీ తెలిసింది. అప్పటికే సూచీలు సిద్ధంగా ఉన్నాయి: సెన్సెక్స్ 1986లో, నిఫ్టీ 1996లో వచ్చాయి. సెన్సెక్స్‌ను అనుసరించే యూటీఐ మాస్టర్ ఇండెక్స్ ఫండ్ 1998లో మొదలైంది. బెంచ్‌మార్క్ మ్యూచువల్ ఫండ్ తెచ్చిన నిఫ్టీ బీస్ షేరులాగే కొని అమ్మగల ఫండ్లలో, అంటే ఈటీఎఫ్‌లలో, తొలి భారతీయ ఫండ్‌గా 2002 జనవరిలో ఎక్స్ఛేంజీలో నమోదైంది.

హైదరాబాద్

హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 1943లో ఏర్పడింది. 1994లో జాతీయ స్టాక్ ఎక్స్ఛేంజీ కంప్యూటర్ తెరల మీద షేర్ల వ్యాపారం మొదలుపెట్టాక ప్రాంతీయ ఎక్స్ఛేంజీలకు పని తగ్గిపోయింది. 2007లో హైదరాబాద్ ఎక్స్ఛేంజీ గుర్తింపు రద్దయింది. అయితే ఫండ్ల ఖాతాల నిర్వహణ పని మాత్రం ఈ నగరాన్ని వదల్లేదు. దేశంలోని అనేక మ్యూచువల్ ఫండ్లకు రిజిస్ట్రారుగా ఉన్న కేఫిన్ టెక్నాలజీస్ కేంద్రం ఇక్కడే. సామాన్య మదుపరుల కోసం తొలి ఇండెక్స్ ఫండ్ తెచ్చిన వాన్‌గార్డ్ సైతం ఇక్కడ కార్యాలయం పెడతామని 2025 మార్చిలో ప్రకటించింది.

సత్యం ఉదంతం

డబ్బును పలు కంపెనీల మీద పరచడం ఎందుకో తెలుగువారికి చూపిన సంఘటన 2009 జనవరి 7న జరిగింది. 1987లో హైదరాబాద్‌లో స్థాపించిన సత్యం కంప్యూటర్స్ లెక్కల్లో లేని వేల కోట్ల రూపాయలను ఉన్నట్టు చూపామని ఛైర్మన్ రామలింగరాజు లేఖలో ఒప్పుకున్నారు. ఒక్కరోజులో షేరు విలువలో నాలుగింట మూడు వంతులకు పైగా పోయింది. సెన్సెక్స్ కూడా ఆ రోజు సుమారు 7 శాతం పడింది. మన ఊరి కంపెనీ అన్న నమ్మకంతో పొదుపంతా ఆ ఒక్క షేరులో పెట్టినవారు అందులో చాలా భాగం పోగొట్టుకున్నారు. నిఫ్టీ సూచీలో మాత్రం సత్యం 50 కంపెనీల్లో ఒకటి. అదే నెలలో నిఫ్టీ దాన్ని తీసేసి రిలయన్స్ క్యాపిటల్‌ను చేర్చింది. అయితే దెబ్బ తిన్న తర్వాతే సూచీ ఒక కంపెనీని తొలగిస్తుంది, ముందుగా పసిగట్టదు. దాని రక్షణ అంతా ఒక్క కంపెనీకి దక్కే వాటా చిన్నది కావడంలోనే ఉంది.

ఖర్చుల తగ్గింపు

ఫండ్‌లో చేరేటప్పుడు కోసుకునే రుసుమును మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2009 ఆగస్టులో ఎత్తేసింది. ఏజెంటు కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్లు 2013 జనవరి నుంచి వచ్చాయి. 2019 ఏప్రిల్‌లో ఇండెక్స్ ఫండ్ల వార్షిక ఖర్చుకు 1 శాతం గరిష్ఠ పరిమితి వచ్చింది. ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ 2015 ఆగస్టులో ఈటీఎఫ్‌లలో మదుపు ప్రారంభించడంతో పీఎఫ్ ఉన్న కార్మికుల డబ్బులో కొంత వారికి తెలియకుండానే సూచీల్లోకి చేరింది.

ఖర్చు ప్రభావం కాలంతోపాటు పెరుగుతుంది. ఒక లక్ష రూపాయలు 25 ఏళ్లపాటు ఏటా 12 శాతం చొప్పున పెరుగుతాయనుకుందాం. ఖర్చు 2 శాతమైతే చివరికి చేతికి వచ్చేది సుమారు 10.8 లక్షలు. 0.2 శాతమైతే 16.3 లక్షలు. ఇది లెక్క మాత్రమే, 12 శాతం వస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వరు.

ఎంపిక

ఒకే సూచీని అనుసరించే ఫండ్లలో ఖర్చు నిష్పత్తి, సూచీ ఫలితానికీ ఫండ్ ఫలితానికీ మధ్య తేడా చూస్తే చాలు. నిఫ్టీలో దాదాపు మూడో వంతు బ్యాంకింగ్, ఆర్థిక సేవల రంగానిదే. మరింత విస్తృతి కావాలంటే నిఫ్టీ 500 ఫండ్ ఉంది. నిఫ్టీ ఫండ్, సెన్సెక్స్ ఫండ్ రెండూ కొన్నా వైవిధ్యం పెద్దగా పెరగదు. రెండింటిలోనూ చాలావరకు అవే కంపెనీలు. స్థిరత్వం కోసం డిపాజిట్లు, ప్రభుత్వ బాండ్లు విడిగా ఉంచుకోవాలి.

గట్టు, నడిగడ్డ

ఇక పల్లెల సంగతికి వస్తే, ఉదాహరణకు జోగులాంబ గద్వాల జిల్లా గట్టు మండలం కృష్ణా, తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో ఉంది. ఇక్కడి బతుకు వ్యవసాయం, విత్తన పత్తి, మగ్గం మీద నడుస్తుంది. పొదుపు భూమిలో, బంగారంలో, చీటీల్లో, వడ్డీకిచ్చిన అప్పుల్లో ఉండటం తెలుగు పల్లెల్లో మామూలే. వానలు తప్పినా, విత్తనానికి ధర పడినా ఆదాయమూ భూమి విలువా కలిసే తగ్గుతాయి. అప్పు తీసుకున్నవాడూ అదే ఊరివాడు కాబట్టి అప్పుడే తీర్చలేడు. ఎక్కువ లాభం ఆశతో ఒకే సంస్థను నమ్మిన నష్టమూ తెలుగు జిల్లాలకు తెలుసు. 2014 తర్వాత ప్రజల నుంచి డిపాజిట్లు సేకరించిన అగ్రిగోల్డ్ సంస్థ చెల్లింపులు నిలిచిపోయి లక్షల మంది డిపాజిటర్లు చిక్కుకున్నారు.

ఊరి వానలతో సంబంధంలేని ఆదాయంలో కొంత వాటా ఇవ్వడమే ఇలాంటి చోట ఇండెక్స్ ఫండ్ ఉపయోగం. నెలకు కొన్ని వందలతోనూ మొదలుపెట్టవచ్చు. కానీ 2008లో సూచీలు సగానికి పైగా పడ్డాయి, 2020 మార్చిలో మళ్లీ కుప్పకూలాయి. వచ్చే సీజను పెట్టుబడి, బిడ్డ పెళ్లి డబ్బు ఇందులో పెట్టరాదు. కనీసం ఏడేళ్లు ముట్టనవసరం లేని డబ్బుకే ఇది తగినది.