అద్దం వెనుక చిత్రకారులు

మధురలో మా మామగారి ఇంటి నడవలో నవనీతకృష్ణుని అద్దం పటం ఒకటి ఉండేది. అద్దం బిగించిన పటం కాదు, అద్దం మీదే వ్రాసిన పటం. ఒక పొంగలికి ఇల్లు దులుపుతూ, దుమ్ము పోతుందని వెనుక అట్ట తీసి తడిగుడ్డతో తుడిచారు. కృష్ణుని వెనుకనున్న ఎర్ర తెర గుడ్డకు అంటుకొని వచ్చేసింది. కృష్ణుడు మిగిలాడు.

తెరే ముందుగా ఎందుకు పోయిందో పని తీరు తెలిస్తే బోధపడుతుంది. ఈ చిత్రం వ్రాసేది అద్దం వెనుక వైపున, చూసేది ముందు వైపు నుండి. అందుచేత అంతా తలక్రిందుల వరుస. గోడ మీద వ్రాసేవాడు చిట్టచివర దిద్దే కనుపాపను, నగల గీతలను ఇక్కడ మొట్టమొదట వ్రాయాలి. ఆ మీదట ఒంటిరంగు, బట్టలు; ఆఖరున తెర, స్తంభాలు. బంగారం మెరవవలసిన చోట రంగు వేయకుండా విడిచి, వెనుక రేకు అతికించేవారు. కుడి ఎడమలూ మారిపోతాయి కనుక వెన్నముద్ద కుడిచేతిలో కనబడాలంటే ఎడమచేతిలో వ్రాయాలి. మా బ్యాంకు లెడ్జరులో తప్పు పడితే కొట్టివేసి ప్రక్కన పొట్టి సంతకం చేస్తాం. ఇక్కడ కంటి మీద ఒంటిరంగు పడి ఆరిపోయాక కన్ను దిద్దే దారే లేదు.

ఈ విద్య మన దేశంలో పుట్టినది కాదు. ఐరోపాలో పాతది; చీనా వారు నేర్చి పెంచారు. 18వ శతాబ్దిలో కాంటన్ రేవు వర్తకంతో మన పడమటి తీరానికి వచ్చింది. తంజావూరులో 19వ శతాబ్దిలో బాగా వర్ధిల్లింది. రెండవ శరభోజి (1798–1832) కాలానికే అక్కడ పనస పలక మీద బట్ట అతికి, సున్నపు ముద్దతో నగలు ఉబ్బెత్తుగా తీర్చి, బంగారు రేకూ అద్దపు రాళ్ళూ పొదిగే పటాలు ప్రసిద్ధి. అద్దం పటం వాటికి చవక చెల్లెలు. పలక పటం కొనలేని ఇంటికీ పట్టాభిషేకం వచ్చిందంటే దీని చలవే.

ఆ తంజావూరు పటాలు వ్రాసినవారు ఎవరు? తంజావూరు, తిరుచిరాపల్లిలలో రాజులు, మధురలో నాయుళ్ళు. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగరం కూలగా, నాయక రాజుల నీడకు రాయలసీమ నుండి తరలివచ్చిన తెలుగువారు. పటాల మీద సంతకాలు చేసే అలవాటు వారికి లేదు. ఊరి పేరు నిలిచింది, వ్రాసినవారి భాష మరుగున పడింది.

1894లో రవివర్మ ముద్రణాలయం పెట్టాక అచ్చు పటాలు కొద్ది డబ్బులకే ఇంటింటికీ చేరాయి. వెనుకనుండి వ్రాసే చేతులకు పని తగ్గింది.

మా పటాన్ని కోయంబత్తూరుకు తెచ్చి, ఫ్రేములు కట్టే ఆయనకు చూపించాను. కొత్త తెర వ్రాయిస్తానన్నాడు. వద్దన్నాను. “తంజావూరు పటమండీ” అన్నాడు, తెలుగులోనే. వ్రాసినది మనవారే అయి ఉండవచ్చునంటే నమ్మలేదు. అట్టకూ అద్దానికీ నడుమ ఎర్రపట్టు గుడ్డముక్క ఒకటి పెట్టించాను, రంగుకు తగలకుండా కొంచెం ఎడంగా. దూరం నుండి చూస్తే తెరలాగానే ఉంది.