రోమన్ల రాజ్యాధికారం - గద్వాల సంస్థానం

నల్లగొండ ప్రాంతంలోని అక్కన్‌పల్లిలో పదిహేను వందలకు పైగా రోమన్ వెండి నాణేలు ఒకేచోట బయటపడ్డాయి. దక్షిణ భారతంలో దొరికిన ఇటువంటి నిధులలో అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల నాణేలే ఎక్కువ. చరిత్రకారులు వీటిని సాధారణంగా వర్తకానికి సాక్ష్యంగా చూపుతారు. ఇక్కడి నుండి మిరియాలు పోయాయి, అక్కడి నుండి వెండి వచ్చింది. కాని వాటి మీది అక్షరాలను చదివితే అవి రాజ్యాంగ పత్రాలు కూడానని తెలుస్తుంది. అగస్టస్ నాణెం మీద 'రాజు' అన్న మాట లేదు. ఒకవైపు 'దివ్యుని కుమారుడు, దేశపిత' అని ఉంటుంది. రెండవవైపు డాళ్లు, ఈటెలతో నిలబడిన ఇద్దరు యువకులు ఉంటారు. వారు అతడు దత్తత తీసుకున్న మనుమలు గాయస్, లూషియస్. వారు కాన్సల్ పదవికి నిర్ణయింపబడినవారని ఆ నాణెం చెబుతుంది. కాన్సల్ అంటే ప్రజలు ఏడాదికొకసారి ఎన్నుకోవలసిన అధికారి. ఇంటి వారసత్వాన్ని ఎన్నిక పదవి పేరుతో లోకానికి చాటిన నాణెమిది.

ఇది ఎలా సాధ్యమైందో గ్రహించాలంటే రోమన్ల పాత వ్యవస్థను కొంత తెలుసుకోవాలి. క్రీ.పూ. 509 ప్రాంతంలో తమ రాజును వెళ్లగొట్టామని వారు చెప్పుకునేవారు. 'రాజు' అన్నది అప్పటి నుండి వారికి తిట్టుతో సమానం. రాజు చేతిలోని అధికారాన్ని వారు రద్దు చేయలేదు, ముక్కలు చేశారు. ఇద్దరు కాన్సల్‌లు, ఒక్క సంవత్సరం గడువు, ఒకరి ఆజ్ఞను మరొకరు ఆపగల హక్కు. ఒక్కొక్క కాన్సల్ ముందు పన్నెండుగురు భటులు కర్రల కట్టలు మోసుకొని నడిచేవారు. నగరం దాటిన తరువాతే ఆ కట్టలో గొడ్డలి చేరేది. నగరం లోపల పౌరుని తల తీసే హక్కు కాన్సల్‌కు లేదని ఆ గొడ్డలి లేమి చెప్పేది. సామాన్యుల తరఫున ట్రిబ్యూన్‌లు ఉండేవారు. 'వద్దు' అన్న ఒక్క మాటతో ప్రభుత్వ కార్యాన్ని నిలిపివేయడం వారి బలం. పెద్దల సభ అయిన సెనేటు చట్టం చేయదు, సలహా చెబుతుంది. ఆ సలహాను కాదనడానికి మాత్రం ఎవరూ సులభంగా సాహసించేవారు కారు.

అనువాదకునికి చిక్కు ఇక్కడే వస్తుంది. రోమన్లకు మూడు మాటలున్నాయి. సేనలను నడిపి శిక్ష విధించే ఆజ్ఞాధికారం 'ఇంపీరియం'. పదవి వల్ల వచ్చే అధికారం 'పొటెస్టాస్'. ఏ పదవీ లేకున్నా మనిషి మాటకు ఉండే బరువు 'ఆక్టోరిటాస్'. మనం మూడింటినీ 'అధికారం' అనే రాస్తున్నాం. చివరిదానికి తెలుగులో 'పెద్దరికం' అన్న చక్కని మాట ఉండగా దాన్ని వాడకపోవడం విచారకరం. అరబీలోనూ ఇటువంటి సంగతే ఉంది. పవిత్ర ఖుర్ఆన్‌లో 'సుల్తాన్' అంటే ప్రమాణం, అధికారం. అది మనిషిని సూచించే బిరుదైనది తరువాతి కాలంలో.

అగస్టస్ చేసిందల్లా ఈ మూడింటినీ ఒక్క మనిషిలో పోగుచేయడం. క్రీ.పూ. 27లో ప్రభుత్వాన్ని సెనేటుకూ ప్రజలకూ తిరిగి ఇచ్చివేశానన్నాడు. సైన్యాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలు మాత్రం అతని చేతిలోనే నిలిచాయి. క్రీ.పూ. 23లో ట్రిబ్యూన్ కాకుండానే ట్రిబ్యూన్ అధికారం పొందాడు. మరుసటి ఏడాది ప్రజలు నియంతగా ఉండమంటే నిరాకరించాడు. తోటి అధికారుల కంటే తనకు పదవీ అధికారం ఎక్కువ లేదనీ, పెద్దరికంలో మాత్రమే అందరినీ మించాననీ స్వయంగా రాసుకున్నాడు. ఇందులో అబద్ధం ఎంత, నిజం ఎంత అన్న వాదం నేటికీ తెగలేదు. అయితే పేర్లు మారనంతవరకు మార్పును భరించే గుణం ప్రజలకు ఉంటుందని అతనికి తెలుసు.

ఇస్లామీయ రాజనీతి గ్రంథాలలో దీనికి దగ్గరగా వచ్చినవాడు అల్ మావర్దీ (మరణం క్రీ.శ. 1058). బగ్దాదును బువైహీలు 945లో పట్టుకున్న తరువాత ఖలీఫాకు మిగిలింది ప్రధానంగా పేరే. బలంతో రాష్ట్రాన్ని ఆక్రమించినవానికి ఖలీఫా కొన్ని షరతులతో నియామకం ఇవ్వవచ్చని మావర్దీ రాశాడు. దీన్ని ఆక్రమణ ద్వారా వచ్చిన అమీరు పదవి అన్నాడు. ఇది లొంగుబాటని కొందరు విమర్శిస్తారు. ఆ విమర్శ న్యాయంగా తోచదు. కత్తి ఎలాగూ మరొకరి చేతికి పోయింది. దానికి ధర్మశాస్త్రపు ఒరను తొడగాలన్నదే అతని ప్రయత్నం.

హైదరాబాదు రాజ్యం ఈ సూత్రానికి ఉదాహరణ. 1724లో దక్కను మీద పట్టు సాధించిన నిజాముల్ముల్క్ తనను రాజుగా ప్రకటించుకోలేదు. అతని వంశీయులు మొగలు సుబేదారులుగానే ఉండిపోయారు. ఢిల్లీలో బాదుషాకు కోట వెలుపల మాట చెల్లని కాలంలోనూ, 1857 విప్లవం ముగిసేవరకు, హైదరాబాదు నాణెం మీద అతని పేరే ఉంది.

నిజాము కింద మరో మెట్టు సంస్థానాలది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో గద్వాల, దానికి తూర్పున వనపర్తి, జటప్రోలు. గద్వాల కోట కట్టించిన పెద సోమభూపాలుణ్ణి జనం సోమనాద్రిగా నేటికీ తలచుకుంటారు. ఇరవయ్యవ శతాబ్దారంభానికి గద్వాల సంస్థానం 860 పైచిలుకు చదరపు మైళ్లు, రెండు వందలకు పైగా గ్రామాలు. నిజాముకు ఏటా చెల్లించే పేష్కష్ దాదాపు 87 వేల రూపాయలు. అది చెల్లించినంతవరకు శిస్తు వసూలు, లోపలి పాలన రాజుదే. మొదటి సాలార్ జంగ్ మంత్రిత్వానికి (1853-1883) ముందు గద్వాలలో సొంత టంకశాల కూడా ఉండేది. ఆ నాణెం రాయచూరు ప్రాంతంలో ఆ తరువాతా చెలామణి అయింది. వనపర్తి మొదటి రాజా రామేశ్వరరావు పోషించిన ఆఫ్రికన్ దళం నిజాము సేనలో చేరింది. హైదరాబాదులోని ఏ.సి. గార్డ్స్ పేటకు ఆ పేరు దానివల్లనే వచ్చింది. రోము కింది సామంతరాజులూ ఇలాగే సేనలు పంపి, లోపలి పాలన తమకు ఉంచుకునేవారు. పండితులు 'విద్వద్గద్వాల' అని పొగిడిన ఆ ఆస్థానం ఖర్చూ, నిజాముకు పోయే పేష్కషూ రెండూ నడిగడ్డ రైతు చేను నుండే రావాలి. సంస్థాన చరిత్రలు రాసేవారు మొదటిదాన్ని గురించి పుటలు నింపి రెండవదాన్ని ఒక్క వాక్యంతో దాటవేస్తారు.

సామంతుని అసలు స్థితి తేలేది రాజు చనిపోయిన రోజున. క్రీ.పూ. 9 ప్రాంతంలో పెట్రాలోని నబాతీ అరబ్బుల రాజుగా హారిస (గ్రీకులు రాసిన అరెటాస్) అగస్టస్ అనుమతికి ఆగకుండా గద్దెనెక్కాడు. అతడు పంపిన కానుకలను అగస్టస్ మొదట తిప్పి పంపాడు. చివరకు తొందరపాటుకు మందలించి స్వీకరించాడు. మన దర్బారులలో నజరానా స్వీకరించడానికి ఉన్న అర్థమే దానికీ ఉంది. యూదయా రాజు హేరోదు క్రీ.పూ. 4లో చనిపోగా అతని కొడుకు అర్కెలాస్ రోముకు పోయి మొరపెట్టుకున్నాడు. దక్కింది సగం రాజ్యం. రాజు బిరుదు దక్కలేదు. క్రీ.శ. 6లో అదీ పోయి యూదయా రోమన్ల రాష్ట్రమైంది. నబాతీల వంతు 106లో వచ్చింది.

గద్వాలకు ఆ రోజు 1924లో వచ్చింది. రాజా సీతారామభూపాలుడు మరణించాక సంస్థానాన్ని నిజాం ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. రాణి ఆదిలక్ష్మీదేవమ్మ ఒప్పుకోలేదు. నిజాము మీద తన మొరను బ్రిటిష్ రెసిడెంటు దాకా తీసుకుపోయింది. తన సామంతుల సంగతి బయటివారికి అనవసరమన్నది నిజాము పట్టు. అదే కాలంలో బీరారు విషయమై ఉస్మాన్ అలీఖాన్ తాను బ్రిటిష్ వారితో సమానుడనని వాదిస్తున్నాడు. 1926 మార్చిలో వైస్రాయి లార్డ్ రీడింగ్ దానికి జవాబిచ్చాడు. భారతదేశంలో బ్రిటిష్ సార్వభౌమత్వమే సర్వోన్నతమనీ, దానితో సమానంగా మాట్లాడే హక్కు ఏ సంస్థానాధీశునికీ లేదనీ దాని సారాంశం. ఆ వైస్రాయి ఎవరి పేర పాలించాడో ఆ ఇంగ్లండు రాజుకు 'ఖైసర్-ఎ-హింద్' అన్న బిరుదుంది. 1877 నుండి వాడుకలో ఉన్న ఆ బిరుదులోని ఖైసర్ రోములోని సీజరు ఇంటిపేరే.

గద్వాల చివరకు రాణి చేతికి తిరిగి వచ్చింది. ఆమె గెలుపులో గద్వాల స్వాతంత్ర్యాన్ని చూసేవారున్నారు. నిజానికి ఆమెకు తోడ్పడింది నిజాము పైన మరొకరుండడమే. అర్కెలాస్‌కు ఆ వీలు లేదు, అగస్టస్ పైన మొరపెట్టుకోవడానికి ఎవరూ లేరు. 1947లో బ్రిటిష్ వారు వెళ్లిపోయారు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారత ప్రభుత్వానికి లొంగింది. మరుసటి ఏడాది జాగీర్ల రద్దుతో సంస్థానాల పాలనా ముగిసింది. గద్వాల కోటలో ఇప్పుడు నడుస్తున్న ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరే ఉంది.